కాలేజీ దరఖాస్తులో ‘ఇతర కార్యకలాపాలు’: మన పిల్లలు ఏం రాయాలి, అది ఎక్కడ పనికొస్తుంది?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి బయటి యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టే పిల్లలకు పేరు, మార్కులు, కేటగిరీ దాకా ఇబ్బంది ఉండదు. ‘చదువు కాక మీరు చేసిన ఇతర కార్యకలాపాలు రాయండి’ అనే కాలమ్ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతుంది. డ్రాయింగ్ పోటీ సర్టిఫికెట్ లేదు, కరాటే బెల్టు లేదు, డిబేట్ కప్పు లేదు. చాలామంది అక్కడ ‘నిల్’ అని రాసేసి కిందికి వెళ్లిపోతారు.

అలా ‘నిల్’ రాసిన అమ్మాయి మూడేళ్లుగా సాయంత్రం పూట వీధిలో చిన్నపిల్లలకు ఖురాన్, లెక్కలు రెండూ చెబుతూ ఉండొచ్చు. ‘నిల్’ రాసిన అబ్బాయి అబ్బా గల్ఫ్‌లో ఉంటే ఇంటి దుకాణం లెక్కంతా తానే చూస్తూ ఉండొచ్చు. ఇవన్నీ ఆ కాలమ్‌లో రాయదగినవే. ఇంట్లో ఎవరూ వాటిని ‘కార్యకలాపాలు’ అని పిలవరు కాబట్టి పిల్లలకు తట్టదు. ఆ ఒక్క కాలమ్ వల్ల స్కాలర్‌షిప్ సీటు దూరమయ్యే అవకాశం ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి. అసలు ఎవరూ చూడని చోట్లు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ముందు ఆ తేడా తెలుసుకోవాలి.

ర్యాంకు ఉన్న చోట ఈ కాలమ్ పనిచేయదు

మన రాష్ట్రంలో ఇంజనీరింగ్‌కు ఏపీఈఏపీసెట్, మెడిసిన్‌కు నీట్ ర్యాంకు చూస్తారు. డిగ్రీకి ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఇంటర్ మార్కులు చూస్తారు. నూజివీడు, ఆర్‌కే వ్యాలీ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలకు పదో తరగతి మార్కులే ఆధారం. వీటిలో మీ అబ్బాయి నాత్ బాగా చదువుతాడా, అమ్మాయి వ్యాసరచనలో ఫస్టు వచ్చిందా అని అడిగేవారు ఉండరు. ‘ఈ ప్రోగ్రాంలో చేర్పిస్తే ప్రొఫైల్ బలంగా ఉంటుంది, ఇంజనీరింగ్ సీటు గ్యారంటీ’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మినహాయింపు ప్రత్యేక కోటాలు. ఎన్‌సీసీ, స్పోర్ట్స్, స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు కొద్దిపాటి సీట్లు విడిగా ఉంటాయి. ట్రిపుల్ ఐటీల్లో ఎన్‌సీసీకి 1 శాతం, స్పోర్ట్స్‌కు, స్కౌట్స్‌కు అర శాతం చొప్పున ఇస్తూ వచ్చారు. తక్కువే కానీ, అర్హత ఉన్నవాళ్లు కూడా తక్కువే. ఇక్కడ కథ చెప్పాల్సిన పని లేదు. సర్టిఫికెట్ స్థాయిని బట్టి ప్రాధాన్యం ఇస్తారు: అంతర్జాతీయం, జాతీయం, రాష్ట్రం, అలా కిందికి. మండల స్థాయి కబడ్డీలో పాల్గొన్న కాగితంతో సీటు వస్తుందని ఆశపడొద్దు. స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడి ఉంటే మాత్రం ఆ కాగితం అసలుది జాగ్రత్తగా దాచండి, తనిఖీకి అడుగుతారు. స్కౌట్స్‌లో రాష్ట్రపతి పురస్కార్ వరకు వెళ్లినవారికి విలువ ఎక్కువ.

ఎన్‌సీసీ గురించి ఒక మాట. బడిలో జూనియర్ విభాగం పూర్తి చేస్తే ‘ఏ’ సర్టిఫికెట్, కాలేజీలో సీనియర్ విభాగంలో ‘బీ’, ఆ తర్వాత ‘సీ’ వస్తాయి. ‘సీ’ సర్టిఫికెట్, డిగ్రీలో కావలసిన మార్కులు ఉన్నవారు సైన్యంలో ఆఫీసర్ ఉద్యోగానికి ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ద్వారా పెట్టుకోవచ్చు. దానికి యూపీఎస్సీ రాతపరీక్ష ఉండదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి పిలుస్తారు. మన ఇళ్లలో ఈ దారి గురించి మాట్లాడుకునేది చాలా తక్కువ.

బీసీ-ఈ రిజర్వేషన్ 4 శాతం వేరే విషయం. అది కుల ధ్రువపత్రంతో వచ్చే హక్కు, కార్యకలాపాలతో దానికి సంబంధం లేదు. రెండింటినీ కలిపి అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఫారం మొత్తం చదివే చోట్లు

అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, అశోకా, క్రియా లాంటివి ఇంకో పద్ధతిలో నడుస్తాయి. రాతపరీక్ష ఉన్నా ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఫారంలో రాసిన దాన్నుంచే ప్రశ్నలు మొదలవుతాయి. క్రియా మనకు దూరం కూడా కాదు, తడ దగ్గర శ్రీసిటీలో ఉంది. ఫీజు లక్షల్లో ఉంటుంది కాబట్టి ‘మనకెందుకులే’ అని వదిలేస్తారు. కానీ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే ఏర్పాటు కూడా ఇలాంటి చోట్లే ఉంటుంది. స్కాలర్‌షిప్ అడిగే పిల్లలకు ఈ కాలమ్ ముఖ్యమైపోతుంది.

ఢిల్లీ యూనివర్సిటీలో సీయూఈటీ స్కోరుతో పాటు ఎక్స్‌ట్రా కరిక్యులర్ కోటా ఒకటి ఉంది. సంగీతం, నాటకం, డిబేట్, క్విజ్, క్రియేటివ్ రైటింగ్ లాంటి విభాగాలకు ట్రయల్స్ పెడతారు. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌లకు మాత్రం సర్టిఫికెట్లే చూస్తారు. ఈ కోటా మెరిట్‌లో సీయూఈటీకి 25 శాతం, కార్యకలాపానికి 75 శాతం వెయిటేజీ ఇచ్చారు. నిబంధనలు ఏటా బులెటిన్‌లో వస్తాయి, దరఖాస్తు చేసే ఏడాది బులెటిన్ చదవకుండా ముందుకు వెళ్లొద్దు.

ఉర్దూ చదివిన పిల్లలకు ఇంకో మాట. హైదరాబాద్ మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలో, కర్నూలు అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీలో ఉర్దూ రావడం ‘ఇతర కార్యకలాపం’ కాదు, అసలు అర్హతకు సంబంధించిన విషయం. గుర్తింపు ఉన్న మదరసా సర్టిఫికెట్‌తో మౌలానా ఆజాద్‌లో చేరే దారులు కూడా ఉన్నాయి. ఆ కాగితాన్ని చివరి కాలమ్‌లో పడేయకండి, విద్యార్హతల కాలమ్‌లోనే చూపించండి.

అమెరికా కాలేజీల్లో డిగ్రీకి చాలామంది వాడే కామన్ యాప్‌లో ఈ కాలమ్ చాలా పద్ధతిగా ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ 10 కార్యకలాపాలు రాయొచ్చు. ఒక్కోదానికి మీ హోదా 50 అక్షరాల్లో, సంస్థ పేరు 100 అక్షరాల్లో, చేసిన పని 150 అక్షరాల్లో చెప్పాలి. ఖాళీలు, చుక్కలు కూడా అక్షరాల కిందే లెక్క. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, ఏ తరగతుల్లో అని కూడా అడుగుతారు. ఇంగ్లండ్ యూకాస్‌లో 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది. బడి బయట మీరేం చేశారు, అది ఈ కోర్సుకు ఎలా ఉపయోగం అన్నది మూడో ప్రశ్న.

అమెరికా వెళ్లని వాళ్లు కూడా ఒకసారి ఆ కామన్ యాప్ జాబితా చూడాలి. ఎందుకంటే అందులో ఎంచుకోవడానికి ఇచ్చిన రకాల్లో ‘కుటుంబ బాధ్యతలు’ అని ఒకటి, ‘జీతానికి చేసిన పని’ అని ఒకటి, ‘మతపరమైనవి’ అని ఒకటి ఉన్నాయి. అంటే ఇంటి పని, దుకాణం, మసీదు మూడూ వాళ్ల లెక్కలోనే ఉన్నాయి. మన పిల్లలే వాటిని లెక్కలో వేసుకోవడం లేదు.

ఈ కాలమ్ పుట్టుక అంత మంచిది కాదని కూడా చెప్పాలి. 1920లలో హార్వర్డ్‌లో పరీక్ష మార్కులతో సీట్లు తెచ్చుకుంటున్న యూదు విద్యార్థులు పెరిగారు. అధ్యక్షుడు లోవెల్ 1922లో వాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టాలన్నాడు. నేరుగా కోటా పెట్టడం కుదరక, ఆ తర్వాత వ్యక్తిత్వం, నేపథ్యం చూడడం మొదలుపెట్టారు. ఒక మైనారిటీని ఆపడానికి వాడిన పద్ధతి అది. ఇవాళ డబ్బున్న ఇళ్లకు గుర్రపు స్వారీ, పియానో క్లాసులు ఉంటాయి. అందుకే ఆటలు, కళలే కార్యకలాపాలు అనే భ్రమ మన దాకా వచ్చింది.

ఏవి రాయొచ్చు

ఉదయగిరి చెక్క స్పూన్ల సంగతే తీసుకోండి. దుర్గం కొండ వైపు దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చేతితో చెక్కే పని ఇక్కడి ముస్లిం ఇళ్లలో తరాలుగా ఉంది. దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఇళ్లలో ఆడపిల్లలు బడి నుంచి వచ్చాక గరుకు కాగితంతో రుద్దుతారు, లెక్కపెడతారు, కట్టలు కడతారు. ఆ అమ్మాయిని ‘హాబీ ఏంటి’ అని అడిగితే ‘ఏం లేదు సార్’ అంటుంది! భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తి చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్ల, డిజైన్ కోర్సుకో ఎకనామిక్స్‌కో దరఖాస్తు పెట్టి ఆ ముక్క రాయకపోతే పోగొట్టుకునేది తనే. చదువు మాన్పించి పని చేయించమని కాదు నేను చెప్పేది. చదువుకుంటూ చేసింది దాచొద్దని.

ఇక హిఫ్జ్. ఫారంలో ‘హాఫిజ్’ అని ఒక్క మాట రాస్తే బెంగళూరులోనో బోస్టన్‌లోనో చదివేవారికి అర్థం కాకపోవచ్చు. ఖురాన్ 30 పారాలు కంఠస్థం చేయడం, ఎన్నేళ్లు పట్టింది, మరచిపోకుండా రోజూ ఎంతసేపు దౌర్ చేస్తారు అని రాయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలామంది హిఫ్జ్ 9వ తరగతికి ముందే పూర్తవుతుంది, కామన్ యాప్ 9 నుంచి 12 వరకు అడుగుతుంది. అలాంటప్పుడు ఆ నాలుగేళ్లలో కొనసాగించిన దౌర్, రంజాన్‌లో తరావీహ్ చదివించడం రాయండి. మతం పేరు కనిపిస్తే సీటు రాదేమో అని కొందరు ఇది దాచేస్తారు. ఇన్నేళ్ల క్రమశిక్షణను దాచాల్సిన అవసరం నాకు కనపడదు. అయితే రాసేది ఆ అబ్బాయి చేసిన పని గురించి ఉండాలి, దీన్ గొప్పతనం గురించి ఉపన్యాసంలా ఉండకూడదు.

సేవ పనులు మన దగ్గర తక్కువేం కాదు. ఏఎస్ పేట దర్గా గంధం రోజుల్లో, నెల్లూరు బారాషహీద్ రొట్టెల పండుగలో నీళ్లు పంచడం, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో చెప్పడం, వయసైన వాళ్లను దాటించడం చేస్తారు. మసీదులో ఇఫ్తార్‌కు సరుకుల లెక్క చూస్తారు. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నవాళ్లకైతే ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు, 7 రోజుల స్పెషల్ క్యాంపు అనే కొలత ముందే ఉంది.

అందరూ మరచిపోయేది భాష. ఇంట్లో మన ఉర్దూ, బయట తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్. దాదీని ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు చెప్పింది ఉర్దూలో చెప్పడం, బ్యాంకులో ఫారం నింపడం, ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసులో పింఛను అర్జీ రాయడం: ఇదంతా తర్జుమా పనే. వీధిలో పది ఇళ్లకు చేస్తుంటే అది సమాజసేవ కూడా.

నెల్లూరు, విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదివిన పిల్లల బాధ వేరు. పొద్దున్నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లే, రెండేళ్లలో ఏమీ చేసి ఉండరు. వాళ్లు 9, 10 తరగతుల్లో చేసినవి, సెలవుల్లో చేసినవి రాయాలి. రూమ్మేట్‌కు రోజూ ఫిజిక్స్ చెప్పి ఉంటే అదీ రాయొచ్చు. లేనిది పుట్టించకండి. కాలేజీ టైంటేబుల్ అలా ఉందని ‘అదనపు సమాచారం’ కాలమ్‌లో ఒక వాక్యం పెడితే చదివేవారు అర్థం చేసుకుంటారు.

ఎలా రాయాలి

బీకాం చదివినవాణ్ని కాబట్టి నాకు ఇది డే బుక్ లాగే కనిపిస్తుంది. ఏ పని, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏం తేలింది. విశేషణాలు అక్కర్లేదు. ఒక ఉదాహరణ చూడండి, అంకెలు ఊహించినవి.

చాలామంది రాసేది: ‘ఇంట్లో అమ్మీకి చెక్క స్పూన్ల పనిలో సహాయం చేశాను. నాకు కళలంటే చాలా ఇష్టం.’

రాయదగింది: ‘ఉదయగిరి చెక్క స్పూన్ల తయారీ: రుద్దడం, ప్యాకింగ్, నెలకు 200. ఆర్డర్ల పుస్తకం మొదలుపెట్టా. చెల్లెలికి పని నేర్పా.’

రెండోది ఇంగ్లిష్‌లోకి మార్చినా 150 అక్షరాల్లో పట్టించవచ్చు. ‘సహాయం చేశాను’ అన్న మాట తీసేస్తే ఏం చేశారో బయటికి వస్తుంది. ఆర్డర్ల పుస్తకం మొదలుపెట్టడం చిన్న విషయంలా ఉంటుంది కానీ, చదివేవారి కన్ను ఆగేది అక్కడే. ఆ పిల్ల రాకముందు లేనిది, వచ్చాక ఉంది.

గంటలు నిజాయితీగా వేయండి. రంజాన్‌లో మాత్రమే ఇఫ్తార్ పని చేస్తే ఏడాదికి 4 వారాలు, వారానికి 14 గంటలు అని వేయాలి, 52 వారాలు కాదు. ఒక విద్యార్థి వారానికి 20 గంటలు సేవ, 20 గంటలు ఆట, 15 గంటలు ట్యూషన్ అని రాస్తే, కాలేజీకి ఎప్పుడు వెళ్లాడని చదివేవారు కూడిక వేసుకుంటారు. 10 గళ్లు ఉన్నాయని 10 నింపనక్కర్లేదు. గట్టివి నాలుగైదు చాలు, ముఖ్యమైనది పైన పెట్టాలి.

అబ్బా సంపాదన తక్కువ, ఇల్లు చిన్నది అని ఈ కాలమ్‌లో రాయొద్దు. ఆర్థిక పరిస్థితికి స్కాలర్‌షిప్ ఫారం విడిగా ఉంటుంది, ఆదాయ ధ్రువపత్రం అక్కడ పెట్టాలి. ఇక్కడ పిల్లలు చేసిన పనే కనిపించాలి.

కాగితం లేకపోతే?

చాలా ఫారాలు దరఖాస్తు సమయంలో ప్రతి పనికీ సర్టిఫికెట్ అడగవు. అడిగినా, ఆ పని దగ్గర నుంచి చూసినవారి ఉత్తరం సరిపోయే సందర్భాలు ఎక్కువ. మసీదు సదర్ సాబో, బడి హెడ్మాస్టరో ఇచ్చే ఉత్తరంలో విద్యార్థి పూర్తి పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం పని, వారానికి ఎన్ని గంటలు, సంతకం చేసినవారి హోదా, ఫోన్ నంబర్ ఉండాలి. ‘మంచి నడవడిక గల యువకుడు, భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని దువా చేస్తున్నాం’ అని రాసిచ్చే కాగితం ప్రేమతో ఇచ్చిందే గానీ పనికిరాదు. మన కమిటీలు ఇలాంటి ఉత్తరం ఒకటి టైపు చేయించి పెట్టుకుంటే ఏటా పిల్లలకు తేలిక.

పేరు స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త. పదో తరగతి మెమోలో షేక్ ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, ఎన్‌సీసీ కాగితంలో ఇంటిపేరే లేకుండా ఉండడం మన పిల్లలకు మామూలే. ఉత్తరాలన్నీ పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయించండి.

డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చే వాళ్లుంటారు. స్పోర్ట్స్, ఎన్‌సీసీ కోటా కాగితాలు జారీ చేసిన సంస్థ దగ్గరే సరిచూస్తారు, తేడా వస్తే సీటు పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. అమెరికాలో 2019లో బయటపడిన వర్సిటీ బ్లూస్ కేసులో 50 మందికి పైగా నిందితులయ్యారు. కూతుళ్లకు పడవ పందేలు రాకపోయినా క్రీడాకారిణులుగా చూపించి సీట్లు తెచ్చిన టీవీ నటి లోరీ లాఫ్లిన్‌కు 2020లో 2 నెలల జైలు పడింది. అంత డబ్బు, పేరు ఉన్నవాళ్ల కథే అలా అయింది.

ఇంటర్వ్యూలో

ఫారంలో రాసిన ప్రతి మాట మీద ప్రశ్న వస్తుందనుకుని సిద్ధం కావాలి. స్పూన్లు అని రాస్తే, ఆ చెక్కే ఎందుకు వాడతారు, ప్లాస్టిక్, స్టీలు వచ్చాక అమ్మకం ఎలా ఉంది, ధర ఎవరు నిర్ణయిస్తారు అని అడగొచ్చు. అమ్మీని, నానీని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు ముందే అడగండి. చాలా ఇళ్లలో పిల్లలకు పని తెలుసు, దాని వెనుక సంగతులు తెలియవు. ఇంగ్లిష్ తడబడితే ‘ఒక్క నిమిషం ఆలోచించి చెబుతాను’ అనడంలో తప్పు లేదు. బట్టీ పట్టిన జవాబు కంటే నెమ్మదిగా చెప్పిన సొంత జవాబే మేలు.

ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే సందేహం: ఈ పనులన్నీ ఫొటోలతో చూపించాలా, సోషల్ మీడియాలో పెట్టాలా? అక్కర్లేదు. దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫొటో అడిగితే అది చాలు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తులకు చాలా కాలేజీల గడువు నవంబరు మొదట్లో, మామూలు వాటికి జనవరి మొదట్లో ఉంటుంది. యూకాస్ ప్రధాన గడువు జనవరిలో వస్తుంది. అంటే ఇంటర్ రెండో ఏడాది పరీక్షలకు ముందే ఇవన్నీ అయిపోతాయి, రిజల్ట్ చూసి ఆలోచిద్దాం అంటే ఆ ఏడాది పోయినట్టే. ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ మాత్రం పదో తరగతి ఫలితాల చుట్టూ వస్తుంది. కోటా కాగితాలు అప్పటికే చేతిలో ఉండాలి.

పిల్లలు 9వ తరగతిలో ఉండగానే ఒక నోటుపుస్తకం ఇవ్వండి. తేదీ, చేసిన పని, పట్టిన సమయం, చూసినవారి పేరు, అంతే. వారానికి ఒక వరుస రాసినా ఇంటర్ అయ్యేసరికి రెండు వందల వరుసలు ఉంటాయి, ఫారం నింపే రోజు అందులోంచి ఏరుకోవచ్చు.